స్వచ్ఛ జానపదమనే అబద్ధం

ఈ మధ్య మన సభల్లోనూ, కాలేజీ అధ్యాపకుల గదుల్లోనూ జానపదం గురించి రెండు మాటలు వినబడుతున్నాయి. మొదటిది ఏడుపు: జానపదం చచ్చిపోయింది, డీజే పెట్టెలు దాన్ని చంపేశాయి, మన తాతల నాటి స్వచ్ఛమైన పల్లెపాట ఇక వినబడదు అని. రెండవది సంబరం: జానపదం ఇప్పుడే నిజంగా బతికింది, యూట్యూబులో కోట్లమంది చూస్తున్నారు, అమెరికాలోనూ దుబాయిలోనూ మన పాటకు అడుగులు వేస్తున్నారు అని. ఏడ్చేవారు సంబరపడేవారిని వ్యాపారులంటారు. సంబరపడేవారు ఏడ్చేవారిని చాదస్తులంటారు. నిజానికి ఉభయులూ ఒకే తానులో ముక్కలు. ఒకరికి పాట మ్యూజియంలో దాచవలసిన వస్తువు, మరొకరికి అంగట్లో పెట్టవలసిన వస్తువు. పాడిన మనిషి ఏ పని చేస్తోంది, ఎంత కూలి తీసుకుంటోంది, ఏ వూరు వదిలి ఏ బస్తీకి చేరింది అన్న ప్రశ్న ఇద్దరికీ అక్కరలేదు.

మన మిత్రుల్లో, అభ్యుదయవాదులమని చెప్పుకునేవారిలో కూడా, మొదటి రకం వారు ఎక్కువ. సంబరగాళ్ల పని పట్టడం సులభం. ఏడ్చేవారి పని పట్టడమే కష్టం, ఎందుకంటే వారి కన్నీళ్లు నిజమైనవి. కాని ఆ కన్నీళ్లకు ఆధారమైన భావన మాత్రం అబద్ధం. స్వచ్ఛమైన పల్లెపాట అనేది ఏ దేశంలోనూ ఎన్నడూ లేదు. అది పాటను అమ్మినవాడు సరుకు మీద వేసుకున్న ముద్ర. ఈ మాట రుజువు కావాలంటే, వందేళ్ల కింద ఈ నాటకమంతా ఒకసారి ఆడేసిన దేశం వైపు చూడాలి.

అమెరికాలో ‘కంట్రీ’ సంగీతమని ఒకటుంది. కంట్రీ అంటే పల్లె. తెల్లటోపీ పెట్టుకున్న తెల్లవాడు, గుర్రం, గిటారు, గోధుమచేను – ఇదే ప్రపంచమంతటికీ దాని బొమ్మ. ఈ బొమ్మలో ఎంత నిజముందో చూడండి. ఆ సంగీతానికి ప్రాణమైన బాంజో వాద్యం పడమటి ఆఫ్రికా నుంచి బానిసలుగా కొనిపోబడిన నీగ్రో ప్రజల చేతుల్లో పుట్టింది. ఫిడేలూ, కథాగేయాలూ స్కాట్లండు, ఐర్లండు, ఇంగ్లండుల నుంచి పొట్ట చేతబట్టుకుని వచ్చిన పేదల వెంట వచ్చాయి. ఈ రెండూ కలిసింది పొలం గట్టున మాత్రమే కాదు. రైలుదారులు వేసే చోట, బొగ్గు గనుల్లో, బట్టల మిల్లుల దగ్గర కూలీలకు కట్టిన ఇళ్ల వరసల్లో కలిశాయి. 1923లో అట్లాంటా నగరంలో ఓకే కంపెనీ రికార్డు చేసిన ఫిడేలు జాన్ కార్సన్ బట్టల మిల్లులో పనిచేసినవాడు. ఈ సంగీతానికి తొలి తారగా వెలిగిన జిమ్మీ రాడ్జర్స్ రైళ్లలో బ్రేకుమాను; క్షయతో 1933లో, ముప్ఫయ్యయిదేళ్లకే పోయాడు. ‘పల్లెసంగీతం’ అని పేరు పెట్టిన దాన్ని పాడినవారు పల్లెను పోగొట్టుకున్నవారు!

అందుకే ఆ పాటల్లో విషయాలు అలా ఉంటాయి. అప్పుకింద పోయిన చేను, వెనక్కి తిరిగి వెళ్లలేని ఇల్లు, తల్లి, రైలు కూత, జైలు, సారాయి, వదిలిపోయిన మనిషి. ఊళ్లో హాయిగా ఉన్నవాడు ఊరి మీద పాట కట్టడు. బస్సెక్కినవాడు కడతాడు.

1927 వేసవిలో విక్టర్ గ్రామఫోను కంపెనీ తరఫున రాల్ఫ్ పీర్ అనే పెద్దమనిషి టెన్నెస్సీ, వర్జీనియాల సరిహద్దున ఉన్న బ్రిస్టల్ పట్నానికి రికార్డింగు యంత్రాలతో దిగాడు. జిమ్మీ రాడ్జర్సూ, కార్టర్ కుటుంబమూ మొదట విక్టర్‌కు పాడింది అక్కడే. పాటకు 50 డాలర్లు, పైన రాయల్టీలో చిన్న వాటా. మిల్లు కూలీకి అది పెద్ద సొమ్మే. కాని పీర్ తనకు ఏమి అడిగాడు? కంపెనీ జీతం కంటె పాటల ప్రచురణ హక్కులే తనకు మేలన్నాడు. దానికోసం ఒక షరతు పెట్టాడు: పాత పాటే అయినా కాస్త మార్చి, కొత్తదిగా నమోదు చేయదగ్గ రూపంలో తీసుకురావాలి. అంతటితో పాతపాటకు కొత్త యజమాని పుట్టుకొచ్చాడు. కార్టర్ కుటుంబపు పెద్ద, ఏ.పీ. కార్టర్, కొండలూ కోనలూ తిరిగి పాటలు పోగుచేసి తన పేర నమోదు చేయించుకున్నాడు. అతని వెంట తిరిగి, విన్న బాణీని మనసులో పట్టుకుని వచ్చి ఇంట్లో వినిపించినవాడు లెస్లీ రిడిల్ అనే నీగ్రో గిటారువాడు. సిమెంటు ఫ్యాక్టరీ ప్రమాదంలో కాలు పోగొట్టుకున్న కూలీ అతను. కార్టర్ పేరు ప్రపంచమెరుగును. రిడిల్ పేరు ఎందరు విన్నారు?

కంపెనీలు అక్కడితో ఆగలేదు. ఒకే ఊళ్లో, ఒకే బాణీలు పాడే ఇద్దరు మనుషుల రికార్డులను రెండు జాబితాల్లో పెట్టాయి: తెల్లవారివి ‘హిల్‌బిల్లీ’, నల్లవారివి ‘రేస్’. వర్ణద్వేషం అమలులో ఉన్న దేశంలో సరుకును కూడా వర్ణం ప్రకారం అరలు చేశారు. 1949లో బిల్‌బోర్డు పత్రిక ‘హిల్‌బిల్లీ’ అన్న హేళన మాటను వదిలి ‘కంట్రీ అండ్ వెస్టర్న్’ అన్నది. పేరు గౌరవప్రదమైంది, గోడ మాత్రం ఉండిపోయింది. గ్రాండ్ ఓల్ ఓప్రీ రేడియో కార్యక్రమానికి తొలినాటి ఆకర్షణల్లో ఒకడైన డిఫోర్డ్ బెయిలీ నల్లవాడు, నోటితో వాయించే హార్మోనికాలో మేటి. పాటల లైసెన్సుల తగాదా వచ్చిన 1941లో అతనికి ఉద్వాసన చెప్పారు. ఆ తర్వాత అతని జీవనాధారం నాష్‌విల్ నగరంలో బూట్లు తుడిచే దుకాణం. 2005లో, అతను చనిపోయిన ఇరవై మూడేళ్లకు, గౌరవ మందిరంలో అతని పేరు చెక్కారు! 2019లో కూడా లిల్ నాస్ ఎక్స్ అనే నల్లజాతి యువకుడి పాటను బిల్‌బోర్డు కంట్రీ పట్టిక నుంచి తీసేసింది. చాలినంత ‘కంట్రీ’ లక్షణాలు లేవట.

ఈ ‘స్వచ్ఛత’ సిద్ధాంతానికి డబ్బు పోసిన మహానుభావుడెవరో మన మిత్రులు తెలుసుకోవాలి. మోటారు కార్ల హెన్రీ ఫోర్డ్! 1920లలో జాజ్ సంగీతం అమెరికాను చెడగొడుతున్నదని, అందులో యూదుల కుట్ర ఉన్నదని ప్రచారం చేస్తూ, దానికి విరుగుడుగా పాతకాలపు ఫిడేలు పోటీలు, పల్లెనృత్యాలు పోషించాడు. పల్లెల్ని ఖాళీ చేయించి మనుషుల్ని తన ఫ్యాక్టరీ వరసలో నిలబెట్టినవాడే పల్లె స్వచ్ఛత కోసం కన్నీరు కార్చాడు. ఇది వైరుధ్యం కాదు. పల్లెను పాటలో దాచిపెడితే, దాన్ని పొలంలో పోగొట్టిన సంగతి ఎవరూ అడగరు.

ఆ జాబితాల్లో చోటు దొరకనిదేమిటి? 1929లో ఉత్తర కరొలీనాలోని గాస్టోనియా మిల్లు సమ్మెలో ఎల్లా మే విగ్గిన్స్ అనే కార్మికురాలు తన కొండప్రాంతపు పాతబాణీల్లోనే సమ్మె పాటలు కట్టి పాడింది. ఆ సెప్టెంబరులో యూనియన్ సభకు పోతున్న ఆమెను కాల్చి చంపారు. 1931లో కెంటకీ రాష్ట్రపు హార్లన్ గనుల సమ్మెలో ఫ్లోరెన్స్ రీస్, భర్త కోసం పోలీసులు ఇల్లు సోదా చేసిపోయిన తర్వాత, గోడ కాలెండరు కాగితం మీద పాట రాసింది. బాణీ పాతదే, మనుషులు వాళ్లే, కొండలూ అవే. ఇది ‘కంట్రీ’ ఎందుకు కాలేదు? మిల్లు యజమాని కొని తన గదిలో వినదగ్గ పాట కాదు గనుక.

విదేశాలకు ఆ సంగీతం పాకిన వైనం కూడా చూడదగ్గదే. రెండవ ప్రపంచయుద్ధం తర్వాత జర్మనీ, జపాన్‌లలో మకాం వేసిన అమెరికన్ సైన్యాలూ, వాటి రేడియోలూ దాన్ని వెంట తీసుకుపోయాయి. అంతకుముందే గ్రామఫోను పెట్టె మోసుకుపోయింది. 1950లో హ్యూ ట్రేసీ అనే సేకర్త ఆఫ్రికా సంగీతాన్ని భద్రపరచాలని కెన్యాలో కిప్సిగిస్ ప్రజల మధ్యకు పోతే, అక్కడి బాలికలు సగం మనిషి, సగం లేడి అయిన ఒక వింత జీవిమీద పాట పాడారు. దాని పేరు ‘చెమిరోచా’. అది జిమ్మీ రాడ్జర్స్ పేరు! మిసిసిపీ రైలు కూలీ కెన్యా కొండల్లో దేవతామృగమైపోయాడు. సేకర్త దాన్ని పారెయ్యక రికార్డు చేశాడు, అందుకు అతణ్ణి మెచ్చుకోవాలి. మన పండితుల్లో ఎవరైనా అయితే ‘కలుషితం’ అని పక్కన పెట్టి ఉండేవారు.

ఇక మన గడ్డకు వద్దాం. దూరం పోనక్కరలేదు. ఉస్మానియా విశ్వవిద్యాలయం నుంచి తార్నాక దాటి తూర్పుకు నడిస్తే హబ్సిగూడ, నాచారం, ఉప్పల్. మన తెలుగు శాఖల విద్యార్థులు జానపదం కోసం ఆదిలాబాదు అడవులకూ, పాలమూరు గుట్టలకూ పోతున్నారు. మంచిదే. కాని ఈ ఉప్పల్ చౌరస్తా ఏమిటి? వరంగల్, జనగామ, భువనగిరి, యాదగిరిగుట్టల దారిన వచ్చే బస్సులు మనుషుల్ని దింపే చోటు. నాట్లు వేసిన చేతులు, కలుపు తీసిన చేతులు, మోట తోలినవారి మనుమలు దిగే చోటు. దిగినవారిలో ఎంతోమంది నాచారం, మల్లాపూర్, చర్లపల్లి పారిశ్రామికవాడల్లో కలిసిపోయారు. అంగన్వాడీ పిల్లలకు బాలామృతం పొట్లాలు తయారయ్యేది ఈ నాచారంలోనే. ఎన్.టి. రామారావు 1976లో రామకృష్ణా స్టూడియో కట్టిందీ ఈ నాచారంలోనే. ఒక గోడకు ఇవతల సెట్టింగు వేసిన పల్లె, గోడకు అవతల పల్లె వదిలి వచ్చి షిఫ్టుకు పోయే మనుషులు. తెలుగు సినిమా జానపదపు చరిత్ర అంతా ఆ గోడ మీద రాయవచ్చు.

ఉప్పల్ బాగాయత్ అన్న పేరు వినండి. బాగాయత్ అంటే తోటభూమి. మూసీ నీళ్ల కింద సాగు చేసిన నేల. 2019లో హెచ్‌ఎండిఏ ఆ నేలను ప్లాట్లు చేసి గజాల లెక్కన వేలం వేసింది. అక్కడ నాటు పాట ఎందుకు వినబడదు అని డీజే పెట్టెను నిందించేవారు, ముందు ఆ వేలం కాగితాలను నిందించాలి.

నాటు పాట పనిముట్టు. ఇది మన సాహిత్య విమర్శకులు తరచు మరచిపోయే సంగతి. వరసలో ఒకామె ఎత్తుకుంటుంది, మిగతావారు అందుకుంటారు. చరణం పొడవు వంగిన నడుము ఓర్చుకునేంత. పల్లవి వచ్చేసరికి చేతులు ఒక్కసారి కదులుతాయి. ఎవరూ వెనకబడకుండా, ఎవరూ ముందుకు పోయి తక్కినవారి కూలికి ఎసరు పెట్టకుండా పాట పట్టి ఉంచుతుంది. అది వేగం పెంచే సాధనం కూడా, ఆసామికి ఆ సంగతి తెలుసు. అందుకే పాడే మనిషికి నాట్లలో గిరాకి. రోకటి పాటకు రోకలి ఉండాలి, మోటపాటకు మోట ఉండాలి. పిండిమర వచ్చాక, కరెంటు మోటారు వచ్చాక వాటి పాటలు పోయాయి. దానికి ఏడ్వవలసిన అవసరం ఏముంది? రోకలి పట్టిన ఆడవాళ్లెవరూ ఏడ్చినట్టు కనబడదు.

ఫ్యాక్టరీలో అయితే పని లయ మనిషిది కాదు, యంత్రానిది. ఆ మోతలో గొంతు కలపడానికి తావులేదు. పాట పనిలోంచి విడిపోయి విశ్రాంతిలోకి వచ్చింది. అంటే చేతిలో ఫోనులోకి వచ్చింది. పాడే మనిషి వినే మనిషి అయ్యాడు. ఇదొక నష్టమే. కాని ఈ నష్టానికి కారణం పన్నెండు గంటల కాంట్రాక్టు పని, యూనియన్ లేని షెడ్డు. పాటలో దరువు ఎక్కువైందా తక్కువైందా అన్నది దీని ముందు చిన్న ముచ్చట.

అయినా గొంతులు మూగపోయాయా అంటే అదీ కాదు. నాచారం పెద్ద చెరువు కట్టమీద, ఉప్పల్ నల్లచెరువు దగ్గర సద్దుల బతుకమ్మ నాటి రాత్రి వెళ్లి చూడండి. ఏ జిల్లా ఆడవాళ్లు ఆ జిల్లా ఉయ్యాల పాట పాడుతూ, పక్క గుంపు పాట విని నేర్చుకుంటూ ఉంటారు. ఊళ్లో ఉంటే నల్లగొండ పాట, వరంగల్ పాట కలిసే సందర్భమే లేదు. బస్తీ కలిపింది. గుంపు పలచబడ్డ చోట స్పీకరు పెట్టుకుంటారు, అందులోంచి వచ్చే పాటకు చప్పట్లు చరుస్తారు. మన మిత్రులు స్పీకరును చూసి ముఖం తిప్పుకుని, చప్పట్లను చూడకుండా వచ్చేస్తారు.

ఇక్కడ డప్పు సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే ఏడుపు అంతా డప్పు దగ్గర చేరుతుంది. బోనాల ఫలహారం బండి ముందు డప్పులు పోయి డీజే వచ్చింది, తోలు పోయి ప్లాస్టిక్ పొర వచ్చింది, చిర్రా సిటికెన పుల్లా పట్టేవారు కరువయ్యారు అని. డప్పు ఎవరు కొట్టారు? మాదిగ పల్లె కొట్టింది. ఎందుకు కొట్టింది? కళాభిరుచి కొద్దీ కాదు. ఊరి చావుకు కొట్టాలి, దండోరాకు కొట్టాలి, జాతరకు కొట్టాలి. కొట్టనంటే ఊరు బహిష్కరిస్తుంది. వెట్టిచాకిరీలో అదొక భాగం. చదువుకున్న కొడుకు ఆ పుల్ల విసిరేసి నాచారంలో వాచ్‌మన్ పనికి చేరితే, అది ఒక కళ అంతరించడమా, ఒక మనిషి తల ఎత్తడమా? ఎన్నడూ శవం ముందు డప్పు కొట్టనక్కరలేని ఇళ్లలో పుట్టినవారు ఈ ‘అంతరించడం’ మీద వ్యాసాలు రాస్తారు. తెలంగాణ ఉద్యమకాలంలో అదే డప్పును మాదిగ యువకులు తమ ఇష్టంతో, తలెత్తుకుని, మీటింగుల ముందు మోగించారు. ఇష్టంతో కొట్టడానికీ, కొట్టి తీరాలన్న ఆజ్ఞ మీద కొట్టడానికీ ఉన్న తేడా చెవికి వినబడదు. ఆ తేడా కూలిలో, మర్యాదలో ఉంటుంది. అదే సమయంలో ఇంకొక నిజం కూడా ఉంది: ఇష్టంతో డప్పు, తీన్‌మార్ వాయిస్తూ ఆ కూలి మీద బతికే బస్తీ కుర్రవాళ్ల పొట్ట మీద డీజే కొట్టింది. పదిమంది కూలి ఒక పెట్టె అద్దెగా మారింది. డీజేను విమర్శించదలచిన వారు ఈ లెక్కతో విమర్శించండి, వింటాం. ‘అపసంస్కృతి’ అన్న మాటతో వస్తే మాత్రం వినం.

బూతు అంటారు. పాత పాటల్లో బూతు లేదా? నాట్ల దగ్గర ఆడవాళ్లు ఆసామిని, మొగుణ్ణి, మరిదిని కలిపి కడిగేసిన పాటలను సేకర్తలు అచ్చుకు ఎక్కనివ్వలేదు గనుక అవి ‘స్వచ్ఛం’గా కనబడుతున్నాయి. కులం పేరున మీసం తిప్పుతూ వస్తున్న డీజే పాటలనూ, ఎన్నికలకు పార్టీలు కట్టిస్తున్న పాటలనూ నేను సమర్థించడం లేదు. వాటితో పోట్లాట వేరే. కాని అది వాటి రాజకీయంతో పోట్లాట, దరువుతో కాదు.

పాట యజమాని ఎవరన్న ప్రశ్నకు మనదేశంలో జవాబు ఎలా ఉంది? 1957 నాటి కాపీరైటు చట్టం కర్త ఉన్న రచనకు హక్కు ఇస్తుంది. 2012లో దాన్ని సవరించి సినిమా గేయరచయితలకూ, స్వరకర్తలకూ రాయల్టీలో వాటా ఖాయం చేశారు. మంచి సవరణ. కాని కర్త పేరు లేని పాట ఎవరిదీ కాదు. ఎవరిదీ కాని దాన్ని కాస్త మార్చి తెచ్చినవాడికి మార్చిన రూపం మీద హక్కు వస్తుంది. బ్రిస్టల్‌లో రాల్ఫ్ పీర్ పెట్టిన షరతు ఇదే గదా! పాడినవారికి ప్రదర్శకుల హక్కు అని చట్టంలో ఒకటున్నది. రికార్డింగు గదిలో ఒక కాగితం మీద సంతకం పెట్టించుకుంటే అదీ చేతులు మారుతుంది.

2021లో ‘లవ్ స్టోరీ’ సినిమా కోసం ‘సారంగదరియా’ పాట విడుదలైనప్పుడు జరిగిన రభస అందరికీ గుర్తుంది. పాత జానపదానికి సుద్దాల అశోక్ తేజ కొత్త చరణాలు కట్టారు. ఆ పాటను తాను సేకరించాననీ, టీవీ కార్యక్రమంలో ఇదివరకే పాడాననీ వరంగల్ వైపు గాయని ఒకరు ముందుకు వచ్చారు. చివరకు ఆమెకు గుర్తింపు, ప్రతిఫలం ఇస్తామని సినిమావారు చెప్పవలసి వచ్చింది. అప్పుడు మనవాళ్లు కవిని తిట్టారు, లేదా గాయనిని తిట్టారు. ఇద్దరినీ ఆ స్థితిలో నిలబెట్టిన పద్ధతిని ఎవరూ తిట్టలేదు. సేకరించినామెకు హక్కు ఉందంటే, ఆమెకు పాట చెప్పిన ముసలమ్మ మాటేమిటి? ఆ ముసలమ్మ దగ్గరకు వెళ్లే దారి చట్టంలో లేదు, కంపెనీల లెక్కల్లో లేదు. మన పరిశోధన గ్రంథాల్లో ఉందా? పాటల సంకలనం ఏదైనా తీసి చూడండి. పాడినవారి పేరు, వూరు, పని ఎన్ని పుటల్లో కనబడతాయో లెక్కపెట్టండి. బిరుదురాజు రామరాజుగారి ‘తెలుగు జానపదగేయ సాహిత్యము’ 1958లో వెలువడి జానపదానికి విశ్వవిద్యాలయంలో పీట వేసింది. ఆ పీట మీద ఇన్నేళ్లుగా పాటే కూర్చుంది, పాడిన మనిషి గుమ్మం అవతలే నిలబడింది.

కిన్నెర మొగులయ్య కథ దీనికి నిలువెత్తు సాక్ష్యం. పన్నెండు మెట్ల కిన్నెర వాయించేవారిలో మిగిలిన కొద్దిమందిలో ఒకరు, డక్కలి కులస్థుడు. 2021లో ‘భీమ్లా నాయక్’ సినిమా పాటలో ఆయన గొంతు దేశమంతా మోగింది. 2022లో పద్మశ్రీ ఇచ్చారు. 2024లో నగరపు ఆగ్నేయపు అంచున తుర్కయంజాల్ దగ్గర ఆయన ఇళ్ల కట్టుబడిలో రోజుకూలీగా పనిచేస్తున్న వీడియో బయటపడింది. అందరూ అయ్యో అన్నారు. డిఫోర్డ్ బెయిలీ బూట్ల దుకాణానికీ, ఈ కట్టుబడికీ మధ్య సముద్రాలున్నాయి, ఎనభై ఏళ్లున్నాయి, తేడా మాత్రం లేదు. కూలిపని అవమానమని నేను అనడం లేదు. ఆ గొంతు మీద వచ్చిన డబ్బు దారి పొడుగునా ఎక్కడెక్కడ ఆగిందో అడగమంటున్నాను.

ఇప్పుడు మన ఇంటి సంగతి. 1943లో అభ్యుదయ రచయితల సంఘం, ప్రజానాట్యమండలి పుట్టిన నాటి నుంచీ మనవారు జానపద రూపాలను చేపట్టారు. షేక్ నాజర్ బుర్రకథను గుడి ముంగిట నుంచి రైతుసభకు తెచ్చాడు. తెలంగాణ సాయుధ పోరాటంలో సుద్దాల హనుమంతు, బండి యాదగిరి కట్టిన పాటలు ఊరూరా పాకి, 1980లో విడుదలైన ‘మా భూమి’ సినిమాలో మరొక తరానికి చేరాయి. యాదగిరి పాటతో తెరమీద కనబడిన గద్దర్ ఆ తర్వాత ఎంతవాడయ్యాడో చెప్పనక్కరలేదు. ఈ చరిత్ర మీద గర్వపడదాం. కాని అందులో ఒక జబ్బు కూడా మొదలైంది. ‘రూపం ప్రజలది, వస్తువు మాది’ అన్న జబ్బు. ప్రజలకు బాణీలే ఉన్నాయి, ఆలోచనలు లేవు, అవి మనం పోయాలి అన్నట్టు! యాదగిరి పాట బతికింది అందువల్ల కాదు. పోరాటంలో ఉన్న మనిషే కట్టాడు గనుక అందులో రూపమూ వస్తువూ విడదీయరాకుండా ఉన్నాయి. వ్యాసంలో చెప్పవలసింది బాణీలో కుక్కిన పాటలు మనవాళ్లు వందల కొద్దీ రాశారు. సభ అయిపోయి టెంటు విప్పేలోపే అవి మరపుకు వచ్చాయి.

ఆ జబ్బును ప్రభుత్వం మనకంటె బాగా వాడుకుంది. 2002 నుంచి ధూంధాం వేదికల మీద ఉద్యమం పాడింది. రాష్ట్రం వచ్చాక సాంస్కృతిక సారథి అనే సంస్థ పెట్టి 550 మంది కళాకారులకు జీతాలిచ్చారు. జీతం ఇవ్వడం తప్పని అనేవారితో నేను ఏకీభవించను. పాటగాడు ఆకలితో మాడితేనే నిజాయితీ ఉంటుందనడం కడుపు నిండినవాడి కవిత్వం. కాని ఏ పథకం మీద పాడాలో ఆఫీసు చెబుతుంది. బాణీ ప్రజలదే, వస్తువు సర్కారుది! మనం నేర్పిన విద్యే.

బతుకమ్మ 2014లో రాష్ట్రపండుగ అయింది. 2021 అక్టోబరులో దుబాయిలోని బుర్జ్ ఖలీఫా గోపురం మీద బతుకమ్మను దీపాలతో చూపించారు. సంబరగాళ్లు దీన్నే ‘జానపదం అంతర్జాతీయమైంది’ అని రాశారు. అయ్యా, అది అంతకు ఎన్నో ఏళ్ల ముందే అంతర్జాతీయమైంది. కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల పల్లెల నుంచి గల్ఫుకు పోయిన కూలీలు లేబర్ క్యాంపు గదుల్లో పాడుకున్నారు. వీసా అప్పు, ఏజెంటు మోసం, పెట్టెలో తిరిగివచ్చిన శవం, ఎడారిలో గొర్రెల కాపలా, ఫోనులో వినబడే బిడ్డ ఏడుపు – ఇవి గల్ఫు పాటల విషయాలు. కెంటకీ నుంచి డెట్రాయిట్ ఫ్యాక్టరీలకు పోయినవాడు ఈ పాట వింటే మాట తెలియకపోయినా సంగతి పోల్చుకుంటాడు. అలాంటి గోపురాలను కట్టింది దక్షిణాసియా కూలీలు. గోపురం మీద పువ్వు చూపించారు. పునాదిలో ఉన్న పాటను చూపించలేదు.

ఇంకొక మాట, ఇది చాలామందికి నచ్చదు. నాచారం షెడ్లలో ఇవాళ బీహారీలు, ఒరియాలు ఎందరో ఉన్నారు. సాయంత్రం షిఫ్టు దిగి గదుల ముందు కూర్చుని వారు భోజ్‌పురి పాటలు వింటారు, పాడతారు. పరదేశం పోయిన మొగుడి కోసం ఎదురుచూసే ఆడదాని కథను భిఖారీ ఠాకూర్ ‘బిదేసియా’ నాటకంగా ఆడించి బీహారు పల్లెలను ఏడిపించాడు. అప్పుడు పరదేశం కలకత్తా. ఇప్పుడు ఆ పరదేశం మన ఉప్పల్. ఆ పాట తెలుగు కాదు గనుక మన జానపద శాఖకు పట్టదు. హిందీ శాఖకు అది మొరటు గనుక పట్టదు. ‘హిల్‌బిల్లీ’, ‘రేస్’ అని అరలు పెట్టిన కంపెనీ గుమాస్తాకూ మనకూ ఇక్కడ తేడా ఏమిటో ఎవరైనా చెప్పండి.

కాబట్టి మన విద్యార్థి మిత్రులకు ఒక పని చెబుతున్నాను. ఈ ఏడాది పరిశోధన అంశం ఎంచుకునేవారు నలుగురు కలిసి ఉప్పల్, నాచారం, మల్లాపూర్ బస్తీలు తీసుకోండి. షిఫ్టు ఉన్న రోజున పోకండి. పనివారి నిద్రకు అడ్డం. ఆదివారం పోండి. తెలుగు, లంబాడీ, ఒరియా, భోజ్‌పురి – ఏ పాట దొరికితే అది తీసుకోండి, సినిమా పాటకు మార్చి పాడుకునేదైనా సరే, డీజే పాటైనా సరే. ప్రతి పాట దగ్గరా పాడినవారు ఒప్పుకుంటే వారి పేరు, వూరు, ఎప్పుడు వచ్చారు, ఎక్కడ పని, ఎంత కూలి అన్నవి రాయండి; ఒప్పుకోకపోతే రాయకండి. రికార్డింగు ప్రతి ఒకటి వారికే ఇవ్వండి. వారి సమ్మతి లేకుండా ఏ ఛానలుకూ ఎక్కించకండి. గ్రంథం అచ్చయితే ముఖపత్రం మీద మీ పేరు పక్కన వారి పేర్లకు చోటు అడగండి. విశ్వవిద్యాలయం నిబంధనలు ఒప్పుకోవని మీ గైడు అంటారు. ఆ నిబంధన ఏదో కాగితం మీద చూపించమనండి.